గిరీశానికి ఎదురుతిరిగిన వెంకటేశాలు

బట్టలు నానబెట్టే ముందు జేబులు తడిమి చూడటం ప్రతి ఇల్లాలికీ ఉన్న అలవాటే. మా ఇంట్లో ఆ తడమడంలో నాకు దొరికే ఆస్తి ఎప్పుడూ ఒక్కలాంటిదే - బస్సు టిక్కెట్లు, అర్ధరూపాయి బిళ్ళలు, మావారు తేవడం మర్చిపోయిన సరుకుల చీటీ. 1996లో ఓ ఆదివారం నాడు మాత్రం, పదో తరగతి చదువుతున్న మా పెద్దాడి చొక్కా జేబులోంచి ఒక అగ్గిపెట్టె, నలిగిపోయిన జామాకులు నాలుగూ బయటికొచ్చాయి. అగ్గిపెట్టె సంగతి సరే, జామాకులెందుకో నాకు బోధపడలేదు. పండక్కి వచ్చి ఇంకా వెళ్ళని మా తమ్ముడు చూసి నవ్వాడు. “సిగరెట్టు వాసన పోవాలంటే జామాకు నమలాలి అక్కయ్యా. ఆమాత్రం తెలీదూ?” అన్నాడు. వాడికెలా తెలుసో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఇక ఆ పూట మా ఇల్లు చూడాలి! మావారు గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. ఊపిరితిత్తులన్నారు, క్యాన్సరన్నారు, వంశగౌరవమన్నారు. నేను ఏడ్చాను. తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాను. వాడు తల వంచుకుని అన్నీ విన్నాడు. అంతా అయ్యాక, పక్కగదిలోంచి మా అత్తగారు నెమ్మదిగా ఓ మాటన్నారు. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా. “మా అమ్మ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన మనిషి. ఎన్ని చెప్పినా మానలేదు. ఆవిడకీ ఎవరో ఒకరు నేర్పే ఉంటారు. వీణ్ణి తిట్టడం కాదర్రా, వీడికి ఎవరు నేర్పారో అది ముందు కనుక్కోండి” అన్నారు.

ఆ ప్రశ్న అప్పుడు నాకు చాదస్తంగా తోచింది. తర్వాత తర్వాత ఈ పొగ చరిత్ర కాస్త చదువుకున్నాక, ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న అని తెలిసొచ్చింది. అదే ప్రశ్నని పట్టుకుని, సముద్రాల అవతల కొందరు పదిహేను పదహారేళ్ళ పిల్లలు, కోటానుకోట్ల వ్యాపారాన్ని గడగడలాడించారు. ఆ కథే ఇవాళ మీకు చెప్పబోతున్నది.

మన సాహిత్యంలో అయితే నేర్పినవాడి పేరు అందరికీ తెలుసు. గురజాడవారి ‘కన్యాశుల్కం’ మొదటిసారి పుస్తకంగా వచ్చింది 1897లో. అందులో గిరీశం గారి శిష్యుడు వెంకటేశం, తన గురువు దగ్గర తాను నేర్చుకున్న విద్య చుట్ట కాల్చడం ఒక్కటేనని వాపోతాడు. మనం ఆ మాటకి పగలబడి నవ్వుతాం. కానీ ఒక్క క్షణం ఆగి చూడండి. గిరీశం ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి “చుట్ట తాగు” అని బలవంతం చెయ్యలేదు. ఇంగ్లీషు మాట్లాడటం, నాగరికంగా కనిపించడం, పెద్దవాళ్ళని లెక్కచెయ్యకపోవడం - వీటన్నిటితోపాటు చుట్టనీ ఒకే పొట్లంలో కట్టి ఇచ్చాడు. కుర్రాడు కొనుక్కున్నది చుట్ట కాదు, గిరీశం దర్జాని.

సరిగ్గా ఇదే విద్యని అమెరికాలో సిగరెట్ కంపెనీలు శాస్త్రంలా సాధన చేశాయి. ఆ దేశపు ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి 1964లోనే, సిగరెట్టు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణమని నివేదిక ఇచ్చాడు. అది చదివి పెద్దవాళ్ళు కొందరు మానేస్తారు, మానని కొందరు పోతారు. మరి వ్యాపారం నడవాలంటే? కొత్తవాళ్ళు రావాలి. కొత్తవాళ్ళు ముప్పై ఏళ్ళకి రారు, పదిహేనేళ్ళకి వస్తారు. పెద్దయ్యాక సిగరెట్ తాగేవాళ్ళలో ఎక్కువమంది పద్ధెనిమిదేళ్ళ లోపే మొదలుపెట్టినవాళ్ళు. ఈ సంగతి మనకంటే కంపెనీలకి బాగా తెలుసు. ఆర్. జె. రేనాల్డ్స్ అనే కంపెనీలో 1974లో డైరెక్టర్లకి సమర్పించిన ఒక పత్రంలో, 14 ఏళ్ళ నుంచి 24 ఏళ్ళ వయసువాళ్ళే రేపటి సిగరెట్ వ్యాపారం అని రాసుకున్నారు. పద్నాలుగేళ్ళట! మన ఇళ్ళల్లో ఆ వయసుకి అన్నం కలిపి ముద్ద పెట్టే తల్లులున్నారు.

అదే కంపెనీ 1988లో తన ఒంటె మార్కు సిగరెట్‌కి ‘జో కేమెల్’ అనే బొమ్మని అమెరికాలో దింపింది. నల్లకళ్ళద్దాలు, కోటు, నోట్లో సిగరెట్టు - కార్టూన్ ఒంటె. 1991లో వైద్యులు ఒక పరిశీలన చేశారు. ఆరేళ్ళ పిల్లలకి ఈ ఒంటె బొమ్మ చూపించి, ఇది దేనికి సంబంధించిందో చెప్పమంటే, మిక్కీ మౌస్‌ని గుర్తుపట్టినంత సులువుగా దీన్నీ సిగరెట్టుతో జతచేశారు. పిల్లలకోసం కాదండీ, పెద్దలకోసమే అని కంపెనీ వాదించింది. 1994 ఏప్రిల్‌లో ఏడుగురు సిగరెట్ కంపెనీల అధిపతులు అమెరికన్ కాంగ్రెస్ సంఘం ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగించేదని తాము నమ్మడం లేదని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. వయసులో పెద్దలు, సూటూ బూటూ వేసుకున్నవాళ్ళు! 1997 నాటికి ఆ దేశంలో హైస్కూలు పిల్లల్లో నూటికి 36 మంది సిగరెట్ తాగుతున్నవాళ్ళే.

మనమేం తక్కువ తిన్నామా అంటే అదీ లేదు లెండి. మా వాడి జేబులో అగ్గిపెట్టె దొరికిన ఆ 1996లోనే మన ఉపఖండంలో ప్రపంచ క్రికెట్ కప్పు పోటీలు జరిగాయి. కప్పు పేరే ఒక సిగరెట్టు పేరు! ఆడవాళ్ళం వంటింట్లోంచి కాఫీలందిస్తూ, స్కోరెంతని అడుగుతూ, ఆ పేరు రోజుకి వందసార్లు విన్నాం. ఒక్కరికీ తప్పనిపించలేదు. ఆటగాళ్ళ చొక్కాల మీద ఆ పేరు 2001 దాకా ఉంది. గోవాలో డాక్టర్లు బడిపిల్లల్ని పరిశీలించి, క్రికెట్‌తో ముడిపెట్టిన ఇలాంటి ప్రకటనలు పిల్లల్ని పొగాకు రుచి చూడటానికి పురికొల్పుతున్నాయని 1996లోనే రాశారు. అది చదివినవాళ్ళెందరు, క్రికెట్ చూసినవాళ్ళెందరు?

ఇక అసలు కథకొస్తాను. అమెరికాకి దక్షిణాన తోకలా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాష్ట్రం ఫ్లోరిడా. అక్కడ లాటన్ చైల్స్ అనే గవర్నరు ఉండేవారు. 1970లో సెనేట్ ఎన్నికలకి నిలబడినప్పుడు, డబ్బు ఖర్చుపెట్టి ప్రచారం చెయ్యలేక, రాష్ట్రం ఈ చివరినుంచి ఆ చివరికి వెయ్యి మైళ్ళకి పైగా కాలినడకన తిరిగి ఓట్లడిగిన మనిషి. ఆయన గవర్నరయ్యాక ఒక లెక్క చూశారు - పొగతాగి జబ్బుపడిన పేదవాళ్ళ వైద్యానికి ప్రభుత్వం బోలెడు ఖర్చు పెడుతోంది. జబ్బు తెచ్చేది కంపెనీ, మందుల బిల్లు జనానిదీనా అని, 1994లో చట్టం చేయించి, 1995లో కంపెనీల మీద దావా వేశారు. 1997 ఆగస్టులో కంపెనీలు దిగొచ్చి రాజీకి ఒప్పుకున్నాయి. పాతికేళ్ళలో 1,130 కోట్ల డాలర్లు కట్టాలని ఒప్పందం. అందులో 20 కోట్ల డాలర్లు పిల్లల్ని పొగనుంచి తప్పించే కార్యక్రమానికి విడిగా కేటాయించారు.

డబ్బొచ్చింది. మరి ఏం చెయ్యాలి? సాధారణంగా ఏం చేస్తారో మనకి తెలుసు. ఓ సంఘం వేస్తారు. పెద్దలు కూచుని, “పొగ తాగరాదు” అని బోర్డులు రాయిస్తారు. కుళ్ళిన ఊపిరితిత్తుల బొమ్మ వేస్తారు. పిల్లలు ఆ బోర్డు కిందే నించుని సిగరెట్టు ముట్టిస్తారు. ఫ్లోరిడా వాళ్ళు మాత్రం ఒక తెలివైన పని చేశారు - పిల్లల్నే పిలిచి అడిగారు. 1998 మార్చిలో రాష్ట్రం నలుమూలల్నుంచీ ఓ 500 మంది పిల్లల్ని ఒకచోట చేర్చి, “మీరే చెప్పండి, ఏం చేద్దాం?” అన్నారు.

పిల్లలు చెప్పిందేమిటంటే - పొగ తాగితే చస్తారని మాకు చెప్పకండి, అది మాకు తెలుసు. తెలిసే తాగుతున్నారు మా వాళ్ళు. మమ్మల్ని ఎవరూ శాసించలేరని చూపించుకోవడానికి తాగుతున్నారు. మీరు వద్దన్నకొద్దీ దాని విలువ పెరుగుతుంది. అంచేత మా మీద కాదు, మమ్మల్ని బుట్టలో వేసుకుంటున్నవాళ్ళ మీదకి వెళ్ళాలి. వాళ్ళు చేసిన మోసం బయటపెట్టాలి.

చూశారా! మా అత్తగారు పక్కగదిలోంచి అన్న మాట అదే కదూ! పెద్దలకి ఎదురుతిరగాలన్న కోరిక ఆ వయసుకి సహజం. దాన్ని కంపెనీ సిగరెట్టులో కూరి అమ్ముతోంది. ఈ పిల్లలు ఆ కోరికని చంపమనలేదు. ఎదురుతిరగండి, కానీ మీ అమ్మా నాన్నల మీద కాదు, మీ జేబు కొడుతున్న పెద్దమనుషుల మీద తిరగండి అన్నారు.

ప్రచారానికి ‘ట్రూత్’ అని పేరు. అంటే సత్యం. పిల్లల సంఘానికి ‘స్వాట్’ అని పేరు. పొగాకుకి వ్యతిరేకంగా పనిచేసే విద్యార్థులు అనే ఇంగ్లీషు మాటలకి అది పొడి అక్షరాల పేరు. ఈగని చరిచి కొట్టడాన్ని కూడా ఇంగ్లీషులో అలాగే అంటారు. కుర్రతనం పేరులోనే ఉంది చూడండి. ఫ్లోరిడాలోని 67 జిల్లాల్లోనూ శాఖలు పెట్టారు. ఆ వేసవిలో ఒక రైలు వేసుకుని ఊరూరా ఆగుతూ ప్రచారం చేశారు. ప్రకటనల్లో గంభీరమైన కంఠాలు లేవు, డాక్టర్ల తెల్లకోట్లు లేవు. కుర్రాళ్ళు సరాసరి పెద్దమనుషుల ఆఫీసులకి ఫోన్లు చేసి, ఇరకాటపు ప్రశ్నలు అడుగుతుంటారు. అవతలివాళ్ళు నీళ్ళు నమలుతుంటారు. చూసే పిల్లలకి అదో వినోదం.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. ఇంటికొచ్చే పత్రికల్లో సిగరెట్ ప్రకటన ఎక్కడ కనిపించినా ఆ కాగితం చింపి, ఇది మాకక్కర్లేదని చీటీ అతికించి, తిరిగి కంపెనీలకే పోస్టులో పంపారు. పైసా ఖర్చులేని పని! మన పత్రికలు కూడా ఒకప్పుడు అట్ట వెనకపేజీ నిండా సిగరెట్ ప్రకటనలు వేసినవే. మనం వాటిని చింపి పుస్తకాలకి అట్టలు వేసుకున్నాం తప్ప, తిరిగి పంపాలని తోచలేదు.

ఇంతకీ ఫలితమేమిటి? ఉత్సాహం వేరు, ఫలితం వేరు. ఫ్లోరిడా ప్రభుత్వం ఏటా బడుల్లో లెక్కలు తీసింది. 1998లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లల్లో నూటికి 18.5 మంది సిగరెట్ తాగుతుండగా, 2000 నాటికి 11.1కి దిగింది. హైస్కూలులో 27.4 నుంచి 22.6కి దిగింది. రెండేళ్ళలో! ఇక్కడ ఒకటి గమనించాలి. చిన్నపిల్లల్లో తగ్గినంతగా పెద్దపిల్లల్లో తగ్గలేదు. మొదలుపెట్టనివాణ్ణి ఆపడం సులువు, మొదలుపెట్టినవాణ్ణి మానిపించడం కష్టం. వంకాయ కూర మాడకముందే కలియబెట్టాలి, మాడాక ఏం చేసినా ఆ వాసన పోదు.

1998 నవంబరులో మరో 46 రాష్ట్రాలతో కంపెనీలు పెద్ద ఒప్పందం చేసుకున్నాయి. ఆ డబ్బుతో 2000 సంవత్సరం నుంచి ‘ట్రూత్’ దేశమంతా వ్యాపించింది. అప్పుడొచ్చిన ఒక ప్రకటన చాలా పేరు పొందింది. పిల్లలు న్యూయార్కులో ఒక సిగరెట్ కంపెనీ మేడ ముందు శవాలు కట్టే సంచులు 1,200 పేర్చారు. పొగాకు వల్ల ఆ దేశంలో రోజుకి పోతున్న ప్రాణాలు అన్ని! కింద సంచుల గుట్ట, పైన మేడ కిటికీలు. నినాదాలు అక్కర్లేకపోయింది.

ఇదే సమయంలో ఫిలిప్ మోరిస్ అనే కంపెనీ కూడా పిల్లలకి నీతులు చెప్పడం మొదలెట్టింది. ఆలోచించు, పొగతాగకు అని టీవీలో ప్రకటనలు! దొంగే వచ్చి తలుపు గడియ వేసుకోండమ్మా అన్నట్టు. పరిశోధకులు 2002లో రెండు ప్రచారాలనీ పోల్చి చూశారు. ‘ట్రూత్’ చూసిన పిల్లలకి పొగాకు మీద ఏవగింపు పెరిగింది. కంపెనీ నీతులు విన్న పిల్లలకి మాత్రం కంపెనీల మీద కాస్త సదభిప్రాయం కలిగి, ముందు ముందు సిగరెట్ తాగుతామేమో అనే ఆలోచన కూడా ఎక్కువగా కనిపించింది. “వద్దు నాయనా” అనే ఉత్త మాట ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? మావారి గంట ఉపన్యాసం, నా ఏడుపు గుర్తొచ్చి సిగ్గేసింది. దేశం మొత్తం మీద 1999లో 25.3 శాతం ఉన్న పిల్లల ధూమపానం 2002కి 18 శాతానికి దిగింది. ఆ తగ్గుదలలో అయిదో వంతుకి పైగా ‘ట్రూత్’ వల్లనేనని తర్వాత లెక్కగట్టారు.

కథ ఇక్కడితో మంగళం పాడితే బావుండును. కానీ పెద్దలం ఉన్నాం కదా! గవర్నరు చైల్స్ 1998 డిసెంబరులో, పదవీకాలం ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా, హఠాత్తుగా గుండె ఆగి పోయారు. దిక్కుగా నిలిచిన మనిషి లేకపోయేసరికి, మరుసటి ఏడే శాసనసభ ఆ పిల్లల కార్యక్రమానికిచ్చే డబ్బుని దాదాపు సగానికి కోసింది. పని జరగలేదని కాదు సుమండీ, జరిగిందని లెక్కలు కళ్ళముందు ఉండగానే! పిల్లలు మొరపెట్టుకున్నారు. ఓట్లు లేని పిల్లల మొర ఎవరికి కావాలి? ఏటేటా తగ్గిస్తూ తగ్గిస్తూ, మొదట ఏడాదికి 7 కోట్ల డాలర్లతో నడిచిన పథకాన్ని 2003కి 10 లక్షల డాలర్లకి తెచ్చారు. పిల్లలు కట్టుకున్న ఇల్లు కూలింది.

కానీ 2006 నవంబరులో, ఒప్పందం సొమ్ములో ఏటా కొంత భాగం పిల్లల్ని పొగాకు నుంచి కాపాడటానికే ఖర్చుపెట్టాలి, శాసనసభ తలుచుకున్నా కొయ్యడానికి వీల్లేదు అని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించే ప్రతిపాదన ఓటుకొచ్చింది. నూటికి 60 మందికి పైగా అవునన్నారు. 1998లో ఆ హాల్లో కూర్చున్న పదిహేనేళ్ళవాళ్ళకి అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఓటు హక్కు వచ్చేసింది!

మన దేశంలో కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది. దాని వెనక మన తెలుగు డాక్టరే ఉన్నారు. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండెజబ్బుల నిపుణుడిగా పనిచేసిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి, మరికొందరితో కలిసి 1992లో ‘హృదయ్’ అనే సంస్థ పెట్టారు. ఆ సంస్థ 2004 నుంచి 2006 దాకా ఢిల్లీ, చెన్నై నగరాల్లో 32 బడులు తీసుకుని ‘మైత్రి’ అనే కార్యక్రమం నడిపింది. సగం బడుల్లో తోటి పిల్లలే నాయకులై, ఆటలతో, చర్చలతో, పొగాకు కంపెనీల ఎత్తుల్ని విప్పిచెప్పారు. మిగతా సగంలో ఏమీ చెయ్యలేదు. రెండేళ్ళ తర్వాత చూస్తే - కార్యక్రమం నడిచిన బడుల్లో పొగాకు వాడకం 17 శాతం తగ్గింది. నడవని బడుల్లో 68 శాతం పెరిగింది! ఊరుకుంటే పెరుగుతుందన్నమాట. ఊరుకోవడం అంటే ఏమీ చెయ్యకపోవడం కాదు, గిరీశానికి కుర్చీ వెయ్యడం.

2003లో మనకీ చట్టమొచ్చింది. పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు, బడికి వంద గజాల లోపు అమ్మకూడదు. మీ పిల్లల బడి గేటు దగ్గర నించుని ఓసారి వంద గజాలు కొలిచి చూడండి. బడ్డీకొట్టు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. ఏ మాటకామాట చెప్పుకోవాలి - పొగాకు బోర్డు ఉన్నది మన గుంటూరులోనే. ఆ పంట మీద పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళు, చదువులు చెప్పించిన ఇళ్ళు మనలో ఎన్నో. అంచేత రైతుని తిట్టి చేతులు దులుపుకుంటే లాభం లేదు. లాభం ఎవరి మేడకి చేరుతోందో అది చూడాలి.

మా పెద్దాడి సంగతి చెప్పలేదు కదూ. వాడు నా తలమీద వేసిన ఒట్టు నిలబెట్టుకోలేదు. పదిహేనేళ్ళు తాగాడు. కొడుకు పుట్టాక, మానేసి మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ మానేసి, మూడోసారికి నెగ్గాడు. ఆ కొడుక్కి ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న బడినుంచి వస్తూనే, తమ క్లాసులో ఎవడో పెన్నులాంటిది తెచ్చాడని, పీలిస్తే మామిడిపండు వాసనతో పొగొస్తుందని చెప్పాడు. ఆ సరుకుని మన దేశంలో 2019లోనే నిషేధించారు. నిషేధం బయట, మామిడిపండు లోపల! అమెరికాలో 2023 నాటికి హైస్కూలు పిల్లల్లో సిగరెట్టు తాగేవాళ్ళు నూటికి ఇద్దరి లోపుకి దిగారు గానీ, ఈ కొత్త పెన్నులు పీల్చేవాళ్ళు పదిమంది ఉన్నారట. గిరీశం చుట్ట పారేసి వేషం మార్చుకున్నాడు.

నాకు గుండె దడదడలాడింది. నోటిదాకా వచ్చిన ఉపన్యాసాన్ని మింగి, మా అత్తగారిని తలుచుకున్నాను. “అది కాదురా, వాడికి ఎవరు నేర్పారు? నేర్పినవాడికేం లాభం? ఒక్కడు పదిహేనో ఏట మొదలెట్టి, రోజుకో పెట్టె చొప్పున నలభై ఏళ్ళు తాగితే ఎన్ని పెట్టెలు కొంటాడో లెక్కగట్టు చూద్దాం” అన్నాను. వాడు కాగితం తీశాడు. కాసేపటికి, “14,600 పెట్టెలు నానమ్మా! ఒక్కడి దగ్గరే!” అని కళ్ళు పెద్దవి చేసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపు ఆ పెన్ను కుర్రాడికి చూపిస్తాడట.

గుమ్మంలో నించుని మా పెద్దాడు ఇదంతా వింటున్నాడు. “నాకెవరూ ఈ లెక్క చెప్పలేదమ్మా” అన్నాడు.

“ఎంత చెప్పామురా ఆ రోజు!” అనబోయి, ఊరుకున్నాను.